సంఘం తరఫున బడి కమిటీలో కూర్చునేవాళ్లకు

పోయిన నెల నా పాత విద్యార్థి ఒకతన్ని కందుకూరు వైపు ఒక క్రైస్తవ సంఘంలో, ఆ సంఘం నడిపే బడి కమిటీకి ఎన్నుకున్నారు. ఆరాధన అయ్యాక ఫోన్ చేసి, "టీచరమ్మగారూ, అందరూ చేతులెత్తేసరికి సరే అన్నాను. అక్కడికెళ్లి ఏం చేయాలో తెలియదు, టెన్షన్‌గా ఉంది" అన్నాడు. నేను 31 ఏళ్లు తెలుగు టీచరుగా పనిచేశాను. రిటైరయ్యాక ఆరేళ్లుగా ఒంగోలులో మా సంఘం తరఫున బడి కమిటీలో ఉన్నాను. అతనికి ఫోన్‌లో చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

మిమ్మల్ని పంపింది సంఘమే. అయినా ఆ గదిలో కూర్చున్నంతసేపూ మీరు పిల్లల తరఫు మనిషి. పాస్టరుగారు చెప్పమన్నారనో, పెద్దలు అనుకుంటున్నారనో చెయ్యెత్తకండి. కాగితం చదివి, మీకు న్యాయమనిపించినదానికే ఎత్తండి. బడిని రోజూ నడిపేది హెడ్మాస్టరు. ప్రభుత్వంతో ఉత్తరాలు, సంతకాలు కరస్పాండెంటు చూసుకుంటారు. కమిటీ పని ఆ ఇద్దరినీ అడగడం, లెక్క చూడడం, అవసరమైనప్పుడు వాళ్ల వెనక నిలబడడం. క్లాసులోకి వెళ్లి పిల్లల ముందు టీచరును మందలించే అధికారం కమిటీ సభ్యులెవరికీ లేదు.

మొదటి నెలలో బైలా, మూడేళ్ల మినిట్స్ పుస్తకం, ఆడిట్ రిపోర్టు, బడి గుర్తింపు కాగితం, బస్సుల ఫిట్‌నెస్ కాగితాలు అడిగి చూడండి. "ఎందుకమ్మా ఇవన్నీ, మన వాళ్లే కదా" అంటారు. నవ్వుతూనే మళ్లీ అడగండి.

అన్నిటికంటే ముఖ్యం స్థలం కాగితాలు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే నెల్లూరులో మిషన్ మొదలుపెట్టింది 1840లో. ఆ తర్వాతి మిషనరీలు కొన్న కాంపౌండుల్లోనే ఈ ప్రాంతంలో చాలా బళ్లున్నాయి. అప్పట్లో ఊరి చివర ఉన్న బీడు ఇప్పుడు బస్టాండు పక్క స్థలమైంది. దాని మీద అందరి కళ్లూ ఉంటాయి. కాబట్టి దస్తావేజు నకలు ఎవరి దగ్గరుందో తెలుసుకోండి. ఏటా ఒకసారి రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ, అంటే ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే కాగితం, తీయించండి. అందులో తెలియని పేరు కనిపిస్తే అదే వారం మీటింగు పెట్టించండి. సంఘంలో పాత హద్దులు తెలిసిన ముసలివాళ్లను వెంటబెట్టుకుని గోడ చుట్టూ నడవండి. మా బడి వెనక వైపు ఒక మూల తడికెలతో బడ్డీకొట్టు వెలిసింది. పాపం బతుకుతున్నాడులే అని ఎవరూ మాట్లాడలేదు. రెండేళ్లకు అక్కడ సిమెంటు గోడ లేచింది. దాన్ని ఖాళీ చేయించడానికి మాకు నాలుగేళ్లు పట్టింది. అద్దెకో లీజుకో ఇవ్వాలంటే కమిటీ తీర్మానం, సంఘం ఆమోదం రెండూ ఉండాలి. ఒక్కరి సంతకంతో అయిపోయే పని ఏదైనా ఉంటే ఒప్పుకోకండి.

డబ్బు దగ్గర రెండు ప్రశ్నలు చాలు. కట్టిన ప్రతి ఫీజుకూ రసీదు ఇస్తున్నారా? టీచర్లకు జీతం ఏ తేదీన పడుతోంది? నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన బడిలో ఒక ఏడాది నాలుగు నెలలు జీతాలు ఆగాయి. ఆ నాలుగు నెలల్లోనే గేటు దగ్గర పెద్ద ఆర్చి కట్టి, కమిటీ వాళ్ల పేర్లు పాలరాయి మీద చెక్కించారు. మా స్టాఫ్‌రూములో ఒకావిడ మధ్యాహ్నం భోజనం తెచ్చుకోవడం మానేసింది. ఆకలి లేదనేది. అది ఇప్పటికీ మర్చిపోలేను. అందుకే ప్రతి మీటింగులో జీతాల రిజిస్టరు చూశాకే మిగతా అజెండా అంటాను.

ఇక మన సంఘం కాని పిల్లల సంగతి. రాజ్యాంగం 30వ అధికరణ మనలాంటి మైనారిటీలకు బడి పెట్టుకుని నడుపుకునే హక్కు ఇచ్చింది. అదే రాజ్యాంగం 28వ అధికరణలో, ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో తల్లిదండ్రుల ఒప్పుదల లేకుండా ఏ పిల్లాణ్నీ ప్రార్థనలో కూర్చోబెట్టకూడదని ఉంది. రెండూ గుర్తుపెట్టుకోండి. మూడేళ్ల కిందట కార్తీకమాసంలో ఎనిమిదో తరగతి పిల్లాడు అయ్యప్ప మాల వేసుకుని నల్లబట్టలతో వచ్చాడు. యూనిఫాం లేదని గేటు దగ్గరే ఆపేశారు. సాయంత్రానికి వాళ్ల వీధి వీధంతా బడి ముందుంది. మర్నాడు కమిటీలో ఇద్దరు, "మన బడి, మన రూలు" అన్నారు. నేను ఒకప్పుడు మా ఒంగోలులో మిషనరీగా పనిచేసిన క్లౌ దొరగారి సంగతి ఎత్తాను. 1876లో మొదలైన కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని పెట్టారు. కూలి కోసం మతం మారారన్న మాట రాకూడదని, ఆ పని నడిచినంతకాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నది ఆ తర్వాత, 1878 జూలై 3న. ఆకలితో వచ్చినవాళ్లనే అంత మర్యాదగా చూసిన చోట, చదువు కోసం వచ్చిన పిల్లాణ్ని గేటు దగ్గర నిలబెడతామా అని అడిగాను. మాల తీసేవరకు ఆ బట్టలతోనే రానివ్వాలని తీర్మానం రాశాం. పిల్లాడు పదో తరగతి దాకా మా దగ్గరే చదివాడు.

మీ చుట్టాల విషయం వస్తే లేచి బయటికి వెళ్లిపోండి. మా మరిది కూతురు టీచరు పోస్టుకు పెట్టుకున్నప్పుడు నేను వరండాలో కూర్చున్నాను. నేను గదిలో లేనని మినిట్స్‌లో రాయించాను. ఉద్యోగం వేరే అమ్మాయికి వచ్చింది. మా తోటికోడలు ఏడాదిపాటు మాట్లాడలేదు. బాధ పడ్డాను కానీ, మళ్లీ అలాంటిదే వస్తే మళ్లీ వరండాలోకే వెళ్తాను.

ఒక్క విషయంలో మాత్రం మీటింగు దాకా ఆగొద్దు. పెద్దవాళ్లెవరో తనతో తప్పుగా ప్రవర్తించారని పిల్లో పిల్లాడో చెబితే, దాన్ని సంఘ పెద్దల మధ్య మాట్లాడి సర్దేసే హక్కు ఎవరికీ లేదు. పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. తన కింద పనిచేసే మనిషి చేసిన నేరాన్ని బడి బాధ్యులు చెప్పకుండా దాస్తే వాళ్లకే ఏడాది వరకు జైలు. "బడి పేరు పోతుంది, సంఘం పరువు పోతుంది" అని బతిమాలతారు. వినకండి. పిల్లల హెల్ప్‌లైను 1098 నంబరు ప్రతి వరండాలో పిల్లలకు కనిపించే ఎత్తులో రాయించండి.

మూడు నెలలకోసారి ఆరాధన తర్వాత ఐదు నిమిషాలు అడిగి బడి సంగతులు సంఘానికి చెప్పండి. ఎంతమంది చేరారు, ఏ కట్టడాలు లేస్తున్నాయి, ఎంత అప్పుంది, అంతవరకే. ఫీజు కట్టలేని పిల్లల పేర్లు, టీచర్ల మీద వచ్చిన ఫిర్యాదులు కమిటీ గది దాటకూడదు. ఇంట్లో కూడా చెప్పకండి.

మీటింగు లేని రోజున కూడా నెలకోసారి హెడ్మాస్టరుకు ముందే చెప్పి బడికి వెళ్లి, అన్నం బెల్లు వేళ కాసేపు కూర్చోండి. నీళ్ల కుళాయిలు తిప్పి చూడండి. మొదట చెప్పిన నా పాత విద్యార్థి నిన్న అలాగే వెళ్లొచ్చి ఫోన్ చేశాడు. ఆడపిల్లల మరుగుదొడ్లు నాలుగుంటే మూడింటికి లోపల గడియ లేదట, ఒకరు లోపలికెళ్తే ఇంకొకరు తలుపు పట్టుకుని నిలబడుతున్నారట. మీటింగు ఈ నెల 14న. అప్పటిదాకా ఆగొద్దు, రేపే హెడ్మాస్టరుతో మాట్లాడి గడియలు పెట్టించు, మీటింగులో ఖర్చు రాయించు అన్నాను.