కే3ఎస్‌లో ఒక నోడ్‌కి మాత్రమే డీఎన్‌ఎస్ అందకపోతే: నా అనుభవం

ఇంట్లో రెండు ఉబుంటు మినీ పీసీల (అవే నోడ్‌లు) మీద కే3ఎస్ (తేలికపాటి కుబర్నెటీస్) క్లస్టర్ నడుపుతున్నాను. మొదటి మెషీన్‌లోని పాడ్‌లు (కంటైనర్లు నడిచే యూనిట్లు) బాగానే ఉండేవి, రెండోదానిలోవి డీఎన్‌ఎస్‌ని (పేరుకి ఐపీ అడ్రస్ చెప్పే సేవ) ఏ పేరు అడిగినా టైమౌట్. పైగా నోడ్‌లు రెండూ రెడీ అనే చూపించేవి, టెన్షన్ అంతా అక్కడే. కోర్‌డీఎన్‌ఎస్ (క్లస్టర్‌లోని డీఎన్‌ఎస్ సర్వర్) రీస్టార్ట్, కేబుల్ మార్పు, రీఇన్‌స్టాల్, ఏదీ పనిచేయలేదు.

చివరికి రెండో మెషీన్‌లోని పాడ్ నుంచి కోర్‌డీఎన్‌ఎస్ పాడ్ ఐపీకే నేరుగా ప్రశ్న పంపాను. జవాబు లేదు. అంటే లోపం డీఎన్‌ఎస్‌ది కాదు, రెండు మెషీన్ల మధ్య దారిది. తర్వాత రెండు వైపులా టీసీపీడంప్ (ప్యాకెట్లను చూపించే టూల్)తో యూడీపీ 8472 పోర్ట్ గమనించాను. పాడ్‌ల నెట్‌వర్క్‌ని నడిపే ఫ్లానెల్, మెషీన్ల మధ్య పంపే వీఎక్స్‌లాన్ (టన్నెల్) ప్యాకెట్లు వెళ్లేది దీని మీదే. అవతలికి చేరుతున్నాయి, జవాబు మాత్రం బయల్దేరడం లేదు. అడ్డుపడుతున్నది యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్.

రెండు మెషీన్లలోనూ ఎదుటి మెషీన్ ఐపీ నుంచి మాత్రమే యూడీపీ 8472కి అనుమతి ఇచ్చాను. ఆపైన పాడ్‌ల 10.42.0.0/16, సర్వీసుల 10.43.0.0/16 పరిధులకు కూడా ఇచ్చి, ఫైర్‌వాల్ రీలోడ్ చేశాను. వెంటనే పేర్లు దొరికాయి. ఈ పోర్ట్‌ని బయటి ఇంటర్నెట్‌కి మాత్రం దయచేసి తెరవకండి, పాడ్ నెట్‌వర్క్‌లోకి ఎవరైనా రావచ్చు.

ఫ్లానెల్‌ని వీఎక్స్‌లాన్ బదులు వైర్‌గార్డ్ (ఎన్‌క్రిప్టెడ్ టన్నెల్)తో నడిపేవాళ్లకు చూడాల్సిన పోర్ట్ యూడీపీ 51820. ప్యాకెట్లు అసలు అవతలికే చేరకపోతే కారణం వేరే అయి ఉండొచ్చు, అప్పుడు ఇది పనిచేస్తుందని చెప్పలేను.