ఫిజియోలు, నర్సులు యోగా నేర్పాలంటే ట్రైనింగ్ ఎలా చెయ్యాలి

నాది శ్రీకాకుళంలో ఫిజియోథెరపీ ప్రాక్టీసు, దాంతోపాటే యోగా టీచర్ ట్రైనింగ్ చేశాను. 2025 జూన్ 21న యోగా డే మెయిన్ ప్రోగ్రాం విశాఖ ఆర్కే బీచ్‌లో జరిగాక మన వైపు క్లాసులు బాగా పెరిగాయి, మరి నేర్పేవాళ్లలో జబ్బుల గురించి తెలిసినవాళ్లు కూడా ఉండాలి కదా, అందుకే ఎవరు అడిగినా చెయ్యండనే చెప్తాను.

కోర్సు సంగతి: ఆయుష్ శాఖ కింద యోగా సర్టిఫికేషన్ బోర్డు ఉంది, దాని పరీక్షలో థియరీ ప్రాక్టికల్ రెండూ ఉంటాయి. లోతుగా చదవాలంటే ఆంధ్రా యూనివర్సిటీలో యోగా డిపార్ట్‌మెంటే ఉంది. బయట 200 గంటల కోర్సులు బోలెడు. ఎక్కడైనా డబ్బు కట్టేముందు ఒకటి అడగండి, మనం నిలబడి వేరేవాళ్లకి నేర్పేది ఎన్ని గంటలు, పక్కన గురువు ఉండి దిద్దుతారా అని.

మనకి అనాటమీ వచ్చు కాబట్టి సులువే అనుకుంటాం గానీ అసలు కష్టం మాటలో ఉంది. క్లినిక్‌లో ఒక్క మనిషి, మోకాలు వంకరపోతే మన చెయ్యే సరిచేస్తుంది, క్లాసులో ఇరవై మంది ఉంటే ఎంతమందిని పట్టుకుంటాం? అందుకే మాట చెప్పే వరస ప్రాక్టీస్ చెయ్యండి: ముందు ఏ కాలో ఏ చెయ్యో, తర్వాత ఎటు కదపాలో, ఆఖర్న గాలి పీల్చాలో వదలాలో, ఒక మాటకి ఒక్క కదలికే. ఫోన్‌లో మీ గొంతు రికార్డ్ చేసి మర్నాడు కళ్లు మూసుకుని అది వింటూ చెయ్యండి, మీకే తికమక అనిపించిన చోటు మార్చేయండి. నాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది ఇదే.

యోగసూత్రాల్లో పతంజలి స్థిరసుఖమాసనం అన్నారు, అంటే కదలకుండా, హాయిగా ఉండగలిగేదే ఆసనం అని, దాన్ని నేను పరీక్షలా వాడతాను, మొహం బిగిసినా ఊపిరి బిగబట్టినా వెంటనే వెనక్కి రమ్మంటాను.

ఇంక మన జిల్లా మనుషులు. పలాస వైపు జీడిపిక్కల పనిచేసే ఆడవాళ్లు గంటలకొద్దీ కిందే కూర్చుంటారు, "బావూ, మోకాళ్లు సలుపెడతన్నాయి" అంటూ వస్తే వాళ్లకి మొదటిరోజే మోకాళ్లు మడిచి మడమల మీద కూర్చునే వజ్రాసనం వద్దు, కుర్చీ వెయ్యండి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎక్కువ, కాబట్టి నీళ్లు బాగా తాగండని అందరికీ ఒకేలా చెప్పకండి, కొంతమందికి డాక్టరు నీళ్ల కొలత పెట్టి ఉంటారు. డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి పెట్టే ఫిస్టులా ఉన్న చేతి మీద బరువు ఆనించే ఆసనాలు అస్సలు వద్దు.

అందుకే పేరు రాసుకునేటప్పుడే బీపీ, గుండె, గ్లాకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు, ఎక్కువగా కంట్లో ఒత్తిడి పెరగడం వల్ల), హెర్నియా, ఆపరేషన్లు, గర్భం ఇవన్నీ అడిగి రాసుకోండి, నలుగురి ముందు కాదు, విడిగా. గ్లాకోమా ఉంటే తలకిందులు ఆసనాలు ఉండవు, బీపీ కంట్రోల్‌లో లేనివాళ్లకి, గర్భిణులకి కపాలభాతి (పొట్ట లోపలికి లాగుతూ గబగబా ఊపిరి వదలడం) ఉండదు. డిస్క్ నొప్పి కాల్లోకి జారుతుంటే ముందుకి వంచకుండా ముందు డాక్టర్ దగ్గరికి పంపండి. మందులు మానేస్తామని ఎవరైనా అంటే మాత్రం గట్టిగా వద్దని చెప్పండి, తగ్గించాలన్నా మానాలన్నా అది వాళ్ల డాక్టరే చూసుకోవాలి.