మౌస్ బాణం మార్చుకోవడానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు

కొత్త కర్సర్ కోసం నెట్‌లో వెతికితే ఇన్‌స్టాల్ చేయమనే ప్రోగ్రాములే ముందు కనిపిస్తాయి. వాటి జోలికి వెళ్లకండి. విండోస్‌కి కావాల్సింది డాట్ సీయూఆర్ ఫైళ్లు, కదిలే బొమ్మలైతే డాట్ ఏఎన్ఐ ఫైళ్లు, అంతే. కర్సర్ పేరుతో డాట్ ఈఎక్స్ఈ, అంటే నేరుగా రన్ అయ్యే ప్రోగ్రాం ఫైల్, ఇస్తున్నారంటే అనుమానించాల్సిందే.

ఆ ఫైళ్లను డౌన్‌లోడ్స్‌లో వదిలేయకుండా ముందు ఒక శాశ్వతమైన ఫోల్డర్‌లోకి మార్చండి. ఇది చాలామంది పట్టించుకోరు. తర్వాత ఎప్పుడో డౌన్‌లోడ్స్ ఖాళీ చేస్తే మన కర్సర్ పోయి పాత తెల్ల బాణం వచ్చేస్తుంది. ఇక మౌస్ ప్రాపర్టీస్‌లో పాయింటర్స్ ట్యాబ్ తెరిచి, మార్చాల్సిన బాణాన్ని ఎంచుకుని, బ్రౌజ్ నొక్కి ఫైల్ చూపించండి. అన్నీ అయ్యాక సేవ్ యాజ్‌తో ఒక పేరు పెట్టేయండి. కిందే థీమ్‌లు పాయింటర్లను మార్చవచ్చు అనే టిక్ ఉంటుంది, అది తీసేస్తే వాల్‌పేపర్ థీమ్ మార్చినా మీ కర్సర్ చెక్కుచెదరదు.

పెద్ద స్క్రీన్ మీద బాణం ఎక్కడుందో కనపడకపోతే మైక్రోసాఫ్ట్ వారి ఉచిత టూల్స్ ప్యాక్ పవర్‌టాయ్స్ వేసుకోండి. అందులో ఫైండ్ మై మౌస్ ఆన్ చేసి ఎడమ కంట్రోల్ రెండుసార్లు నొక్కితే స్క్రీన్ మసకబారి, బాణం చుట్టూ మాత్రం వెలుగు పడుతుంది.