ఇంజన్ మార్పిడి, ఏడవ పాఠం: ఇంటర్‌కూలర్ నీటి పంపుకు వైరింగు

గత పాఠంలో జనరల్ మోటార్స్ వారి ఎల్‌ఎస్‌ఏ ఇంజన్ మీది ఇంటర్‌కూలర్‌కూ (సూపర్‌చార్జర్, అంటే గాలిని నొక్కి సిలిండర్లలోకి పంపే యంత్రం, ఇచ్చే వేడి గాలిని నీటితో చల్లబరిచే భాగమిది) బంపరు వెనుక బిగించిన చిన్న రేడియేటరుకూ మధ్య గొట్టాలు వేసుకున్నాము. ఆ నీటిని తిప్పే పంపుకు కరెంటు ఇవ్వడం ఈ పాఠంలో పని. 2009 నుంచి 2015 వరకు కాడిలాక్ సీటీఎస్-వి కార్లలో, 2012 నుంచి కమారో జెడ్‌ఎల్1లో వచ్చిన ఈ 6.2 లీటర్ల ఇంజన్‌ను పాత కార్లలో బిగించుకునేవారు అమెరికాలో చాలామంది ఉన్నారు. అలా మార్చినప్పుడు ఇంజనూ దాని కంప్యూటరూ కొత్త ఇంటికి వస్తాయి గాని, పంపుకు కరెంటు పంచిన ఫ్యూజు బాక్సు సాధారణంగా పాత కారులోనే ఉండిపోతుంది.

ఈ నీరు ఇంజన్ కూలెంటుతో కలవదు కనుక, పంపు ఆగిపోయినా డ్యాష్‌బోర్డులో టెంపరేచర్ ముల్లు ఆ సంగతి చెప్పదు. సూపర్‌చార్జర్ నొక్కిన గాలి వేడివేడిగానే సిలిండర్లలోకి పోతుంది, కంప్యూటరు స్పార్కు టైమింగును తగ్గిస్తుంది, బండి లాగదు. అందుచేత పంపు చప్పుడు వినబడింది కదా అని పని ముగించకూడదు. పంపు ప్లగ్గు దగ్గర ఎన్ని వోల్టులు అందుతున్నాయో కొలిచిన తరువాతే ముగించాలి.

పంపుకు కరెంటును రిలే ద్వారా ఇస్తాము, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే, విడదీసే స్విచ్చు ద్వారా. దాని అడుగున కాళ్ళ దగ్గర ఉన్న అంకెలతో మొదలుపెడదాము. 30కి బ్యాటరీ పాజిటివ్ నుంచి ఫ్యూజు ద్వారా వచ్చే వైరు, 87కి పంపుకు వెళ్ళే వైరు, 86కి ఇగ్నిషన్ కీ నుంచి వచ్చే వైరు, 85కి ఎర్త్ కలపాలి. అయిదు కాళ్ళ రిలే అయితే మధ్యలో 87ఎ అనే కాలు ఉంటుంది, దాన్ని ఖాళీగా వదిలేయాలి. రిలే పనిచేయనప్పుడే 30తో కలిసి ఉండే కాలు అది. పొరపాటున పంపును దానికి కలిపితే కీ తీసిన తరువాత పంపు తిరుగుతుంది, కీ వేస్తే ఆగుతుంది. 5 ఆంపియర్లు లాగే పంపు 60 ఆంపియర్-అవర్ బ్యాటరీని 12 గంటల్లో ఖాళీ చేయగలదు, అంటే తెల్లవారేసరికి స్టార్టర్ కదలదు.

86కి వచ్చే వైరును ఎక్కడి నుంచి తీసుకోవాలన్నదే ఇందులో అసలు ఆలోచించవలసిన విషయం. రేడియోకు వెళ్ళే యాక్సెసరీ లైను దగ్గరలోనే దొరుకుతుంది గాని, స్టార్టర్ తిరిగేటప్పుడు ఆ లైను చాలా కార్లలో ఆగిపోతుంది, పైగా ఇంజన్ ఆపి పాటలు వింటున్నంత సేపూ పంపు తిరుగుతూనే ఉంటుంది. ఫ్యూయల్ పంపు రిలే నుంచి తీసుకుంటే ఇంజన్ నడిచినప్పుడే నీటి పంపు కూడా నడుస్తుంది. అది సబబైన పద్ధతే, కాని కీ వేసిన కొద్ది క్షణాలకే కంప్యూటరు ఆ రిలేను వదిలేస్తుంది కాబట్టి, ఇంజన్ స్టార్టు చేయకుండా పంపును పరీక్షించడం కష్టం. నేనైతే ఇగ్నిషన్ ఆన్‌లోనూ స్టార్టింగులోనూ కరెంటు ఉండే లైనునే ఎంచుకుంటాను. మీ వైరింగులో పంపు కోసమే కంప్యూటరు నుంచి వచ్చిన వైరు ఉంటే దాన్నీ వాడుకోవచ్చు. అయితే అది పాజిటివ్ ఇస్తుందో, ఎర్త్ ఇస్తుందో డయాగ్రంలో చూసుకున్నాకే కలపాలి. ఎర్త్ ఇచ్చేదైతే అది 85కి వెళ్తుంది, 86కి ఇగ్నిషన్ లైను ఇవ్వాలి. ఆ వైరుతో నేరుగా పంపును మాత్రం నడపకూడదు. రిలే కాయిల్ లాగే పావు ఆంపియరు లోపు కరెంటుకే అది సరిపోతుంది.

ఫ్యూజును బ్యాటరీకి జానెడు దూరంలోపే పెట్టాలి, ఎందుకంటే అది కాపాడేది పంపును కాదు, వైరును. పంపు 5 ఆంపియర్లు లాగేదైతే 10 ఆంపియర్ల ఫ్యూజు, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు చాలు. 4 మీటర్ల పొడవున అలాంటి వైరులో పోయేది సుమారు 0.14 వోల్టు, అదే 0.75 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే దాదాపు అర వోల్టు దారిలోనే పోతుంది. ఎర్త్ లగ్గు (వైరు చివర బోల్టుకు పట్టే రింగు) కింద రంగు గీకి, మెరిసే ఇనుము కనబడ్డాకే బోల్టు బిగించాలి.

పంపు ప్లగ్గులో పాజిటివ్, నెగటివ్ తారుమారు కాకుండా చూసుకోవాలి. బ్రష్షుల మోటారు ఉన్న పంపు తారుమారైనా తిరుగుతుంది, చప్పుడు చేస్తుంది, కొంత నీటిని కూడా నెడుతుంది. ఆ ప్రవాహం బలహీనంగా ఉండటం వల్ల లోపం నెలల తరబడి బయటపడకపోవచ్చు. బ్రష్షులు లేని పంపు అయితే లోపలి సర్క్యూటే కాలిపోవచ్చు. ఇంకొకటి, నీళ్ళు నింపకుండా పంపును తిప్పవద్దు. లోపలి బుష్షులకూ సీలుకూ ఆ నీరే తడి.

ఇక కొలత. కీ ఆన్ చేసి, పంపు తిరుగుతుండగా మల్టీమీటరు ఎర్ర తీగను బ్యాటరీ పాజిటివ్ మీద, నల్ల తీగను ప్లగ్గు వెనుక నుంచి పంపు పాజిటివ్ పిన్ను మీద ఆనించండి, 0.3 వోల్టు దాటకూడదు. తరువాత ఎర్ర తీగను పంపు నెగటివ్ పిన్నుకు, నల్ల తీగను బ్యాటరీ నెగటివ్‌కు పెట్టండి, అక్కడ 0.2 లోపు రావాలి. పంపు ఆగి ఉన్నప్పుడు తీసిన రీడింగుకు విలువ లేదు, కరెంటు పారనిదే కుళ్ళిన క్రింపు (వైరు చివర నొక్కి బిగించిన అతుకు) తన గుణం చూపదు. అంకె ఎక్కువ వస్తే నల్ల తీగను పంపు నుంచి వెనక్కి, 87కి, ఆ తరువాత 30కి, ఫ్యూజు అవతలి కాలికి జరుపుతూ రండి. ఎక్కడ అంకె ఒక్కసారిగా తగ్గిందో, ఆ చోటికీ అంతకు ముందు కొలిచిన చోటికీ మధ్యనే లోపం ఉంటుంది. రెండు అంకెలనూ మీ నోటుపుస్తకంలో రాసి ఉంచండి. గొట్టాల్లోని గాలిని బయటికి పంపే వచ్చే పాఠంలో పంపు చప్పుడు మారినప్పుడు, లోపం కరెంటుదా నీటిదా అని తేల్చుకోవడానికి అవి కావాలి.