ఫిన్ హీటర్లతో వేడిగాలి – 3వ పాఠం: కరెంటు ఇచ్చే ముందు

పోయిన పాఠంలో ట్రే డ్రయ్యర్ లెక్క తేల్చాం. గంటకు 1,000 ఘనపు మీటర్ల గాలిని 30 నుంచి 80 డిగ్రీలకు తేవాలంటే 16.8 కిలోవాట్లు చాలు. గోడల్లోంచి, తలుపు సందుల్లోంచి పోయే వేడి కూడా కలుపుకుని 12 ఫిన్ ఎలిమెంట్లు (పైన రేకు ఫిన్లు ఉన్న హీటరు ట్యూబులు) తీసుకున్నాం. ఒక్కొక్కటి 1,750 వాట్లు, 240 వోల్టులు. మొత్తం 21 కిలోవాట్లు.

బిగించే ముందు ఒక్కొక్కదాన్నీ మల్టీమీటరుతో చూడండి. 31 నుంచి 33 ఓమ్‌ల మధ్య రావాలి. తర్వాత 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పిన్నుకీ ట్యూబుకీ మధ్య ఇన్సులేషన్ చూడండి. లోపల నిక్రోమ్ చుట్ట చుట్టూ దట్టించిన మెగ్నీషియం ఆక్సైడ్ పొడి ఉంటుంది. దానికి తేమ పీల్చుకునే గుణం ఉంది. వానాకాలమంతా గోడౌన్‌లో పడున్న ఎలిమెంటు 1 మెగా ఓమ్ కంటే తక్కువ చూపిస్తే పాడైందనుకుని పారేయకండి. 120 డిగ్రీల ఓవెన్‌లో కొన్ని గంటలు పెట్టి, చల్లారాక మళ్లీ కొలవండి. చాలావరకు కోలుకుంటాయి. ఆరబెట్టకుండా కలిపితే స్విచ్ వేయగానే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై తెంచే బ్రేకరు) పడిపోతుంది. దాన్ని బైపాస్ చేసి నడిపేవాళ్లూ ఉన్నారు, ఆ పని మాత్రం వద్దు.

టెర్మినల్ నట్టు బిగించడానికి రెండు స్పానర్లు కావాలి. ఒకదానితో కింది నట్టును కదలకుండా పట్టుకుని, రెండోదానితో పైనట్టు తిప్పాలి. ఒకే స్పానరుతో బిగిస్తే పిన్ను మెలిపడి పింగాణీ పగులుతుంది, లోపల చుట్ట అతుకు కూడా ఊడుతుంది. అలాగని వదులుగా ఉంచినా ముప్పే: నట్టు కాలి నల్లబడుతుంది, దాని వెంట వైరు తొడుగు కరుగుతుంది.

ఇక కనెక్షన్. ఫేజుకు నాలుగు చొప్పున స్టార్‌లో కలపాలి, అంటే ఒక్కోదాని ఒక కొస ఫేజుకు, రెండో కొసలన్నీ ఒకే చోటికి. లైను కరెంటు 29 ఆంపియర్ల దగ్గర ఉంటుంది. లింకు పట్టీలు తారుమారై డెల్టా (రెండు ఫేజుల మధ్య ఎలిమెంటు) పడిందో, ఎలిమెంటు మీదికి 415 వోల్టులు వస్తాయి. వోల్టేజి 1.73 రెట్లయితే వేడి మూడు రెట్లవుతుంది, అంటే ఒక్కోటి 5 కిలోవాట్లు దాటుతుంది. గాలి ఎంత తోలినా ట్యూబు ఎర్రబడక మానదు.

బ్లోయర్ ఆగితే హీటరు కూడా ఆగాలి. మోటారు కాంటాక్టర్ (మోటారుకు కరెంటు కలిపే స్విచ్) కలిసి ఉందా లేదా అన్నది చూస్తే సరిపోదు. బెల్టు తెగినా మోటారు తిరుగుతూనే ఉంటుంది. అందుకే గాలి ఒత్తిడిని పసిగట్టే స్విచ్ పెట్టండి. ఆపేటప్పుడు ముందు హీటరు, ఐదు నిమిషాల తర్వాత బ్లోయర్. పసుపు, మిరప ఆరబెట్టే చోట ఫిన్ల సందుల్లో పొడి పేరుకుంటుంది. అక్కడ గాలి ఆడక ట్యూబు మచ్చలు మచ్చలుగా కాలుతుంది.

అభ్యాసం: నడుస్తున్న డ్రయ్యర్‌లో వేడి తగ్గింది. సప్లై తీసేసి, న్యూట్రల్ లింకు విప్పి ఆర్, వై, బి అనే మూడు ఫేజుల మధ్య కొలిస్తే ఆర్–వై 19, వై–బి 16.5, ఆర్–బి 19 ఓమ్‌లు. ఏ ఫేజులో ఎన్ని ఎలిమెంట్లు తెగాయి? జవాబు 4వ పాఠం మొదట్లో.