ఎంబెడెడ్ ఓఎస్ అమ్మకం – 4వ పాఠం: కోరుకా, మక్తాకా?

గత పాఠంలో ఒక కొనుగోలుదారును ఊహించుకున్నాం. ఆయన కావలి దగ్గర రొయ్యల గుంటల్లో ఏరేటర్లను, అంటే నీటిలో గాలి కలిపే యంత్రాలను, నడిపే కంట్రోల్ పెట్టెలు తయారుచేస్తారు. ఆ పెట్టెలో మన ఎంబెడెడ్ ఓఎస్, అంటే పరికరం లోపలే ఉండి దాన్ని నడిపే మూల సాఫ్ట్‌వేర్, ఉండాలి. ఎంత అడగాలన్నది తర్వాత. ఏ పద్ధతిలో అడగాలో ముందు తేల్చుకుందాం.

పొలం కౌలుకిచ్చేవారికి ఈ లెక్క కొత్త కాదు. పండినదాంట్లో వాటా తీసుకుంటే కోరు. పండినా ఎండినా ఇంత అంటే మక్తా. పరికరానికి ఇంత అని తీసుకునే రాయల్టీ కోరు లాంటిది. చిన్న పరికరాల కోసం మైక్రోసాఫ్ట్ చేసిన విండోస్ సీఈ అలాగే అమ్ముడైంది. ఎన్ని పరికరాలు అమ్మినా అడగకుండా సొమ్ము ముందే కట్టించుకునే బైఅవుట్ మక్తాకు దగ్గర. కాకపోతే ఏటా కాదు, ఒక్కసారే. ఎక్స్‌ప్రెస్ లాజిక్ సంస్థ తన ఎంబెడెడ్ ఓఎస్ థ్రెడ్‌ఎక్స్‌ను సోర్స్ కోడ్‌తో సహా, రాయల్టీ లేకుండా అమ్మి పేరు తెచ్చుకుంది.

ఉదాహరణకు ఈ అంకెలు తీసుకోండి. ముందుగా 1,00,000 రూపాయలు, ఆపై పెట్టెకు 200 చొప్పున ఒక ధర. బైఅవుట్ 5,00,000. తేడా 4,00,000ను 200తో భాగిస్తే 2,000 పెట్టెలు. ఆయన ఏటా 400 అమ్మితే రెండు ధరలూ సమానమయ్యేది అయిదేళ్లకు. కొత్తగా మొదలుపెట్టినవారి దగ్గర అయిదు లక్షలు ముందుగా ఉండవు కనుక రాయల్టీ చెప్పండి. అయితే మూడు నెలలకోసారి అమ్మకాల లెక్క చూపే షరతు ఒప్పందంలో ఉండాలి. పెట్టె మీద వరుస సంఖ్య లేకపోతే ఆ లెక్క ఎప్పటికీ తేలదు.

“ఫ్రీఆర్‌టాస్ ఉచితం కదా, మీకెందుకివ్వాలి?” అని తప్పక అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఫ్రీఆర్‌టాస్ కూడా ఒక ఎంబెడెడ్ ఓఎస్. ఎవరైనా డబ్బు కట్టకుండా వాడుకోనిచ్చే ఎంఐటీ లైసెన్సుతో దొరుకుతుంది. 2019లో మైక్రోసాఫ్ట్ కొన్న థ్రెడ్‌ఎక్స్ కూడా ఇప్పుడు ఎక్లిప్స్ ఫౌండేషన్ దగ్గర ఓపెన్ సోర్సే. వట్టి కెర్నెల్‌కు, అంటే ఓఎస్ మూల భాగానికి, ధర చెప్పే రోజులు పోయాయని నా గట్టి నమ్మకం.

గుంట దగ్గరికి వెళ్లి చూడండి. పగలు నీటిలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది. చీకటి పడ్డాక అదీ రొయ్యలతో పాటే పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారేముందు ఆక్సిజన్ అట్టడుగుకు పడుతుంది. ఆ వేళ పెట్టె స్తంభించి ఏరేటర్లు ఆగితే, కౌంటుకు వచ్చిన, అంటే అమ్మే సైజుకు ఎదిగిన, పంట మొత్తం చచ్చి తేలిపోతుంది. ప్రోగ్రామ్ ఎక్కడ ఇరుక్కున్నా వాచ్‌డాగ్, అంటే దాన్ని కనిపెట్టుకుని ఉండే టైమర్, దాన్ని మళ్లీ మొదలుపెడుతుందని, లోపం బయటపడితే ఇన్ని గంటల్లో సరిచేస్తామని రాసివ్వగలిగితే మీరు అమ్మేది ఆ బాధ్యతను. దాని ధర లైసెన్సులో కలపకండి. ఏడాది సపోర్ట్ రుసుముగా విడిగా చూపండి.

ఇంకొక్క షరతు: లైసెన్సు ఏ పరికరానికి, ఏ ప్రాసెసర్‌కు అన్నది పేరుతో సహా రాయండి. అది లేకపోతే రేపు మేత యంత్రంలోనూ అదే కోడ్ పెడతారు. తప్పు వారిది కాదు, రాయని మనది.

అభ్యాసం: ఒంగోలులో పాల శీతలీకరణ ట్యాంకుల ఉష్ణోగ్రత చూసే పరికరం ఏటా 150 అమ్ముడవుతుందనుకోండి. ముందుగా 60,000, పరికరానికి 250. లేదా బైఅవుట్ 3,60,000. మీరు కొనేవారైతే ఏది ఎంచుకుంటారు? అమ్మేవారైతే? సపోర్ట్ ఒప్పందం రాయడం 5వ పాఠంలో.