మదర్స్ డే ఆదివారం: ఇంట్లో అమ్మ అందరికంటే ముందు తయారవ్వాలంటే

మే నెల రెండో ఆదివారం 8 నుంచి 14 లోపు ఏ తేదీనైనా పడుతుంది. ఆ ఉదయం చాలా చర్చిల్లో తల్లుల కోసం ప్రత్యేక ప్రార్థన, సన్మానం, మధ్యాహ్నం ప్రేమవిందు ఉంటాయి. ఇంటిల్లిపాదీ మంచి బట్టలు కట్టుకుని వెళ్ళే రోజు. కానీ ఆ రోజు కూడా చాలా ఇళ్ళలో అమ్మే అందరికీ టిఫిన్ పెట్టి, పిల్లలకు జడలు వేసి, చొక్కాలు ఇస్త్రీ చేసి, ఆఖరి పది నిమిషాల్లో చెమట తుడుచుకుంటూ చీర చుట్టుకుంటుంది. ఎవరి కోసం పండగో ఆవిడే అలసిపోయి కూర్చుంటుంది. ఈ వరస తిరగెయ్యాలంటే మూడు వారాల ముందే పని మొదలుపెట్టాలి.

మొదట చీర. మే ఎండలో, రెండు మూడు గంటల ఆరాధనలో, ఫ్యాన్లు అందరికీ అందని చోట పట్టుచీర శిక్షే. మంగళగిరి నూలు, వెంకటగిరి నూలు, పొందూరు ఖద్దరు ఈ కాలానికి సరిపోతాయి. జరీ నిండుగా కనిపించాలంటే గద్వాల చీర చూడండి. ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ మాత్రం పట్టు కాబట్టి ఉక్కపోత ఉండదు. మీ సంఘంలో ఆదివారం తెల్లచీరే కట్టే అలవాటుంటే సన్నంచు తెల్లచీర తీసుకోండి. ఏ రంగు కావాలో అమ్మనే అడగండి. ఆశ్చర్యపరుద్దామని చెప్పకుండా కొన్న చీర చాలాసార్లు బీరువాలోనే ఉండిపోతుంది.

కొత్త నూలు చీర రంగు పోతుందో లేదో ముందే చూసుకోవాలి. తెల్ల గుడ్డ తడిపి అంచు మీద గట్టిగా రుద్దండి. గుడ్డకు రంగు అంటితే చీరను విడిగా చన్నీళ్ళలో ఒకటి రెండుసార్లు జాడించాలి. లేకపోతే చెమటకు ఆ రంగు జాకెట్టు చంకల్లోకి దిగుతుంది, మళ్ళీ వదలదు. ఫాల్ గుడ్డను కుట్టించే ముందు గంటసేపు నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టండి. పచ్చి ఫాల్ కుడితే మొదటి ఉతుకుకే అది కుంచించుకుపోయి, చీర కిందంచు ముడతలు పడి పైకి లేస్తుంది. జాకెట్టు లైనింగుకూ ఇదే జాగ్రత్త.

జాకెట్టు మూడు వారాల ముందే ఇవ్వాలి. పెళ్ళిళ్ళ ముహూర్తాలుంటే మేలో టైలర్లకు ఊపిరి ఆడదు. ఆది జాకెట్టుగా ఎప్పుడో పాతది కాకుండా, ఈ మధ్య వేసుకుంటున్నదే ఇవ్వండి. పెద్దవాళ్ళకు మూడు విషయాలు ప్రత్యేకంగా చెప్పాలి: చంక కొంచెం వదులుగా ఉండాలి, హుక్కులు ముందువైపే పెట్టాలి, రెండు పక్కలా లోపల అంగుళం గుడ్డ వదలాలి. ప్రార్థనలో చేతులు ఎత్తినప్పుడు బిగువు జాకెట్టు చంక దగ్గరే చిరుగుతుంది. ఆదివారానికి నాలుగు రోజుల ముందు ఒకసారి వేసుకుని, చేతులు ఎత్తి, వంగి, కింద కూర్చుని చూడాలి. అద్దం ముందు నిలబడితే ఏదైనా సరిపోయినట్టే ఉంటుంది.

గంజి గురువారం పెట్టుకోవచ్చు. ఒక చీరకు రెండు టేబుల్ స్పూన్ల సగ్గుబియ్యం అరగంట నానబెట్టి, లీటరు నీళ్ళలో గింజ కనపడకుండా కరిగేదాకా ఉడికించి, పల్చటి గుడ్డలో వడకట్టి, నాలుగు లీటర్ల చన్నీళ్ళలో కలపండి. ఉతికిన తడిచీరను అందులో ముంచి తీసి, నీడలో ఆరెయ్యండి. వడకట్టకపోయినా, గంజి చిక్కగా ఉన్నా ముదురు రంగు చీరల మీద తెల్లటి మచ్చలు తేలతాయి. అప్పుడు మళ్ళీ జాడించడం తప్ప దారి లేదు. కోస్తాలో ఉక్కకు చిక్కటి గంజి చెమటతో కలిసి జిగటవుతుంది కూడా, అందుకే అక్కడ ఇంకో లీటరు నీళ్ళు ఎక్కువే పోయండి. చీర కొంచెం తేమగా ఉండగానే ఇస్త్రీ చేస్తే మడత నిలుస్తుంది. జరీ అంచుకు వెనకవైపు నుంచి, పైన పల్చటి నూలుగుడ్డ వేసి, తక్కువ వేడితో చెయ్యాలి. సెంటు కొట్టుకునేది ఉంటే చీర కట్టకముందే కొట్టుకోవాలి. జరీ మీద పడితే ఆ చోట నల్లబడుతుంది.

చర్చికి కట్టే చీరలో అసలు చిక్కు ముసుగు దగ్గర వస్తుంది. మొదటి కొరింథీయులకు పత్రిక 11వ అధ్యాయాన్ని బట్టి మన సంఘాల్లో ఎక్కువమంది స్త్రీలు ప్రార్థనలో తల కప్పుకుంటారు. పెళ్ళికి కట్టినట్టు పైటను సన్నటి మడతలు పెట్టి భుజం మీద బిగించి పిన్ను పెడితే, ఆ కొంగు తలను కప్పేంత విచ్చుకోదు. లాగితే భుజం దగ్గర గుడ్డ చిరుగుతుంది. పైట మామూలుగా వదిలేదానికంటే జానెడు పొడుగ్గా వదలండి. పిన్ను భుజం పైన కాకుండా, కొంచెం వెనక్కి, జాకెట్టుకు కలిపి పెట్టండి. కొంగును వెనక నుంచి తల మీదికి తెచ్చి కుడి భుజం మీదుగా ముందుకు వేసుకోవాలి. నూనె పెట్టిన జుట్టు మీద పట్టు, జార్జెట్టు నిలవవు. ముడి పైన చిన్న పిన్నుతో కొంగును పట్టిస్తే పాట పాడేటప్పుడు మాటిమాటికీ సర్దుకోనక్కర్లేదు.

కింద చాపల మీద కూర్చునే చర్చి అయితే కుచ్చిళ్ళు లోతుగా దోపి, లోపలివైపు లంగాకు కలిపి ఒక పిన్ను పెట్టండి. చీర నేలకు అంగుళం పైకే ఉండాలి. లేచేటప్పుడు కాలి కింద పడి కుచ్చిళ్ళు ఊడేది పొడుగ్గా కట్టినప్పుడే. లంగాకు సన్నటి బొందు కాకుండా వెడల్పాటి పట్టీ ఉండాలి. ఈ ఎండలో తాడు బిగిస్తే సాయంత్రానికి నడుము ఒరుసుకుపోతుంది. మోకాళ్ళ నొప్పులున్న తల్లికి గోడవైపు కుర్చీ శనివారమే చెప్పి వేయించండి.

ఇంటిల్లిపాదీ ఒకే గుడ్డ వేసుకోవడం ఇప్పుడు బాగా కనిపిస్తోంది. అమ్మ చీరలో అంచు రంగు ఒకటి తీసుకుని, మిగతావాళ్ళు ఆ ఛాయల్లో వేసుకుంటే ఇంకా నిండుగా ఉంటుంది. తానులోంచే కొనాలనుకుంటే, మగవాళ్ళ ఫుల్ హ్యాండ్స్ చొక్కాకు 58 అంగుళాల పన్నా అయితే 1.6 మీటర్లు, 36 అంగుళాలదైతే 2.25 మీటర్లు లెక్క వేసుకోండి. అందరికీ ఒకే తానులోంచి, ఒకేసారి కోయించండి. తర్వాత వెళ్తే అదే నంబరు గుడ్డలోనూ ఛాయ తేడా వస్తుంది. ఆడపిల్లల పట్టులంగాలకు నూలు లైనింగు వేయించండి. లేకపోతే పాట మధ్యలోనే గోకుళ్ళు మొదలవుతాయి.

ఆదివారం పొద్దున వరస ఇదీ: అమ్మ స్నానం ముందు, చీర ముందు. టిఫిను బాధ్యత నాన్నదో కొడుకుదో. ఇడ్లీ పిండి శనివారమే ఉంటే అది పెద్ద పని కాదు. విందుకు పులిహోర తెస్తామని ఒప్పుకున్నవాళ్ళు చింతపండు పులుసు శనివారం రాత్రే ఉడికించి పెట్టుకోండి. కొబ్బరి వేసినవి మాత్రం ఈ ఎండకు మధ్యాహ్నం దాకా నిలవవు, ఆ జోలికి పోవద్దు. పిల్లలకు మంచి బట్టలు బయల్దేరే పావుగంట ముందు వెయ్యండి, అంతకు ముందు వేస్తే టిఫిను వాటి మీదే ఉంటుంది.

ఇక పువ్వు సంగతి. ఇప్పుడు మనం జరుపుకునే ఈ దినానికి మొదలు 1908 మే 10న, అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో, గ్రాఫ్టన్ ఊరి మెథడిస్టు చర్చిలో జరిగిన ఆరాధన. ఆనా జార్విస్ తన తల్లి జ్ఞాపకంగా, ఆమెకు ఇష్టమైన తెల్ల కార్నేషన్లు 500 అక్కడికి పంపింది. 1914లో అధ్యక్షుడు విల్సన్ మే రెండో ఆదివారాన్ని మాతృ దినంగా ప్రకటించాడు. తర్వాత తల్లి బతికున్నవాళ్ళకు ఎర్రదో గులాబీరంగుదో, తల్లి లేనివాళ్ళకు తెల్లది పెట్టే ఆనవాయితీ వచ్చింది. మన దగ్గర దీన్ని అలాగే పాటించవద్దు. తెల్ల పువ్వు గుచ్చుకుని కూర్చున్న పిల్లవాడి వైపు చర్చి అంతా చూస్తుంది. అందరికీ ఒకే రంగు పువ్వు ఇవ్వండి. పిల్లలు లేని ఆడవాళ్ళకూ, పెళ్ళికాని అక్కలకూ ఇవ్వండి. సండే స్కూల్లో మన పిల్లల్ని పెంచింది వాళ్ళే.

చిన్న గులాబీ కాడ రెండు అంగుళాలు ఉంచి, తడి దూది చుట్టి, పైన ఆకుపచ్చ టేపు చుడితే మధ్యాహ్నం దాకా వాడదు. ముళ్ళు పూర్తిగా తీసెయ్యాలి. పిన్ను అడ్డంగా గుచ్చాలి, నిలువుగా గుచ్చితే పువ్వు తల వేలాడుతుంది. లెక్క కంటే పదికి ఒకటి చొప్పున ఎక్కువ చేసి పెట్టుకోండి.

సన్మానానికి శాలువా అంటే మెరిసే పాలియెస్టరే తెస్తారు. మే నెలలో అది కప్పుకుని ఫోటోకు నిలబడ్డ అవ్వను చూస్తే జాలేస్తుంది. నూలు కండువా చాలు. వెనక నుంచి, ముసుగు కిందుగా, రెండు భుజాల మీదికి వెయ్యాలి. ముసుగు పైనుంచి వేస్తే కొంగు జారుతుంది. పూలదండ వేసే ముందు ఆ తల్లిని ఒక్కసారి అడగండి. పూలూ నగలూ పెట్టుకోని సంఘాల నుంచి వచ్చినవాళ్ళు నలుగురిలో కాదనలేక ఇబ్బంది పడతారు. అందరికంటే పెద్దావిడతో మొదలుపెట్టండి. నడవలేని తల్లి దగ్గరికి మనమే వెళ్ళాలి. పేర్ల జాబితా సంఘ పుస్తకం చూసి రాసి, స్త్రీల సమాజం పెద్దలతో ఒకసారి చదివించండి. తప్పిపోయిన ఒక్క పేరు ఏళ్ళ తరబడి గుర్తుంటుంది. సామెతలు 31వ అధ్యాయం 28వ వచనంలో కుమారులు లేచి తల్లిని ధన్యురాలంటారు. ఆ వచనం చదివినప్పుడు కొడుకులూ కూతుళ్ళూ నిజంగానే లేచి నిలబడితే, పెద్ద ప్రసంగం అక్కర్లేదు.

ఆరాధన అయ్యేసరికి పన్నెండు దాటుతుంది. పొద్దున నీడలో విడిచిన చెప్పులు అప్పటికి ఎండలో ఉంటాయి, బండలు కాలుతుంటాయి. ఒక పిల్లవాణ్ణి ముందే పంపి అమ్మ చెప్పులు గుమ్మం దగ్గరికి తెప్పించండి.

ఇంటికొచ్చాక చీరను వెంటనే మడత పెట్టవద్దు. రాత్రంతా గాలికి ఆరేసి, మర్నాడు గంజి పోయేలా ఉతికాకే బీరువాలో పెట్టండి. గంజితో దాచిన నూలుచీరను వెండిచేపల్లాంటి పురుగులు మడతల దగ్గరే కొరుకుతాయి.